పైరుకాపుదలకు తొలి తుపాకి

అరకు లోయలోను, తూర్పుకనుమల కొండచరియలయందును చోడి, సామ పైరులను కణుజు, దుప్పి మున్నగు మృగములు మేసి రైతునకు నష్టము కలిగించుచుండును. ఇట్టిచోట తొలిసారి తుపాకి కొనదలచు రైతు రైఫిలును కోరరాదు. దాని గుండు మైలుకు మించి పోవును. ఎదుటి చరియమీది మంచెలో మనుష్యు లుందురు.

మఱియు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఈ మృగములను వేటాడుట నేరము. పైరు మేసినదను కారణమున రైతు తనంతట చంపరాదు.

కావున గొట్టపు మూతినుండి మందు కూరు తుపాకియే చాలును. పైరు రక్షణకై దీనికి లైసెన్సు నొసంగుటకు 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టములో ఏర్పాటు గలదు. గుండు వేయక, మందుమాత్రము కూరి ఆకాశమువైపు కాల్చిన, ఆ ధ్వనికే మృగములు బెదరును. నిత్యము ఒకేవేళ కాల్చినచో వానికి అలవాటగును, వేళ మార్చుచుండవలెను.

గమనింపవలసినవి:

1. లైసెన్సు లేని తుపాకిని ముట్టరాదు.

2. మందు కూరిన తుపాకితో గట్టు దాటరాదు.

3. ఎండుగడ్డి చెంత కాల్చరాదు, నిప్పంటుకొనును.

4. పొద కదలినంతనే గురిపెట్టరాదు. ఆ చీకటిలో నున్నది పొరుగురైతు కావచ్చును. పోయిన పైరు మరుసటి యేట పండును. పోయిన ప్రాణము రాదు.