మాటల బరిలో ఓటమి నేర్పే పాఠం

వ్యక్తిత్వ వికాసాన్ని గురించిన చర్చల్లో వాక్చాతుర్యానికి దక్కినంత ప్రాధాన్యం వినే శక్తికి దక్కదు. అనర్గళంగా మాట్లాడడం, ఎదుటివారిని ఒప్పించడం, వాదనలో పైచేయి సాధించడం నాయకత్వ లక్షణాలుగా చెలామణి అవుతుండగా, తనకన్నా బలమైన వ్యక్తి ఎదుట తొణకకుండా కూర్చొని, అతడు చెప్పేది చివరిదాకా వినగలగడం కూడా అభ్యాసంతో అలవడే సామర్థ్యమేనన్న సంగతి మరుగున పడుతోంది. అమెరికన్ మనోవిజ్ఞానవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లో ‘క్రియాశీల శ్రవణం’గా వివరించినది ఈ సామర్థ్యాన్నే. మాటల అర్థంతో పాటు వాటి వెనుక ఉన్న భావాన్ని గ్రహించి, తీర్పు చెప్పే తొందర లేకుండా స్పందించడం దాని సారాంశం.

ఈ సామర్థ్యం ఎప్పుడు ఫలిస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో తెలుసుకోవడానికి బ్రిటిష్ టెలివిజన్ వ్యాఖ్యాత మైకేల్ పార్కిన్‌సన్‌కు, బాక్సర్ మహమ్మద్ అలీకి మధ్య 1971 నుంచి 1981 వరకు నాలుగుసార్లు జరిగిన ముఖాముఖి మంచి ఆధారం. యార్క్‌షైర్‌లో గని కార్మికుడి ఇంట పుట్టి, పత్రికల నుంచి బీబీసీకి చేరిన పార్కిన్‌సన్, ఆ జ్ఞాపకాలను 2016లో పుస్తకంగా వెలువరించారు.

వియత్నాం యుద్ధ కాలంలో సైన్యంలో చేరడానికి నిరాకరించినందుకు 1967లో ప్రపంచ ఛాంపియన్ హోదాను కోల్పోయి, మూడేళ్లకు పైగా రింగ్‌కు దూరమైన అలీ, ఆ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తనపై శిక్షను రద్దుచేసిన కొద్ది నెలలకే, 1971లో, మొదటిసారి పార్కిన్‌సన్ కార్యక్రమానికి వచ్చారు. దేవదూతలు మొదలుకొని మంచివన్నీ తెల్లగా, చెడ్డవన్నీ నల్లగా ఎందుకుంటాయని చిన్ననాడు తల్లిని అడిగిన వైనాన్ని ఆయన హాస్యంగా చెబుతూ, నవ్వుతున్న ప్రేక్షకుల ముందే జాతివివక్ష మూలాలను బయటపెట్టారు. వ్యాఖ్యాత దారి ఇవ్వడం వల్లనే ఆ ప్రసంగం ఆసాంతం సాగగలిగింది.

1974 నాటి సమావేశం ఇందుకు భిన్నం. తెల్లవారిని విమర్శించే అలీకి తెల్లజాతి మిత్రులు ఉండడంలోని వైరుధ్యాన్ని పార్కిన్‌సన్ ఒక పుస్తకంలోని వ్యాఖ్య ఆధారంగా ప్రస్తావించగానే, అలీ దాన్ని తనకు పన్నిన ఉచ్చుగా భావించి మండిపడ్డారు. తనను మాటల్లో ఇరికించే తెలివి వ్యాఖ్యాతకు లేదని నిండు సభలో తేల్చేశారు. ప్రశ్న అడగదగినదే, కానీ అది తెలుసుకోవాలన్న కుతూహలంగా కాక నిలదీతగా వినిపించింది. నిలదీతకు ఎదురయ్యేది జవాబు కాదు, ఆత్మరక్షణ. అయితే అలీ చమత్కారం వెనుక అణిగి ఉన్న ఆగ్రహం కూడా ఆ రోజు బయటపడింది.

పార్కిన్‌సన్ ఆ అవమానాన్ని పగగా మార్చుకోకపోవడం ఇక్కడ గమనించదగిన అంశం. ఒక చేదు అనుభవాన్ని మరో కోణం నుంచి చూసి దాని తీవ్రతను తగ్గించుకోవడాన్ని మనోవిజ్ఞానంలో ‘పునర్మూల్యాంకనం’ అంటారు. తాను కలిసిన వారిలో అలీ అంతటి అసాధారణ వ్యక్తి మరొకరు లేరని, నాలుగు సమావేశాల్లోనూ ఓడింది తానేనని ఆయన ఆ తర్వాత బాహాటంగా చెప్పడం ఈ ప్రక్రియకు నిదర్శనం. దీన్ని ఆత్మన్యూనతగా పొరబడకూడదు, ఎందుకంటే ఆత్మన్యూనత మనిషిని తప్పుకొనేలా చేస్తుంది, ఆయన మాత్రం మళ్లీ అదే వ్యక్తి ఎదుట కూర్చున్నారు. రింగ్‌లో బాక్సర్ హోమ్స్ చేతిలో దెబ్బతిన్న అలీ 1981లో మందగించిన మాటతో కనిపించినప్పుడు, పాత లెక్కలు తేల్చుకోవడానికి పార్కిన్‌సన్ పూనుకోలేదు. మరో మూడేళ్లకు, 1984లో, అలీకి నాడీసంబంధమైన వ్యాధి ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారు.

ఈ నాలుగు సమావేశాల నుంచి ఎవరైనా తమ జీవితానికి అన్వయించుకోదగిన సూత్రాలు మూడు. ఎదుటివారి గతాన్ని ముందుగా క్షుణ్ణంగా తెలుసుకోవడం మొదటిది. అడిగే ప్రశ్న తెలుసుకోవడానికా, ఇరికించడానికా అని అడగకముందే పరిశీలించుకోవడం రెండోది. మాట చెల్లకపోయినప్పుడు సంబంధాన్ని తెంచుకోకుండా, ఓటమిని దాచకుండా ఒప్పుకోవడం మూడోది. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు వచ్చే వాగ్వాదంలోనే వీటిని ఆచరించి చూడాలి. వాదనలో నెగ్గినవాడికి ఆ పూట సంతోషం దక్కితే, విని నేర్చుకున్నవాడికి దక్కే ఎదుగుదల జీవితాంతం వెంట ఉంటుంది.