బూజు చెప్పే పాఠం: కణం ఎప్పుడు చావాలి, ఎప్పుడు బతకాలి?



ఈ నెల మీ పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: "శరీరంలోని కణాలు చావకుండా ఆపే మందు దొరికితే మంచిదా, చెడ్డదా?" చాలామంది వెంటనే మంచిదే అంటారు. జవాబు అంత సులువు కాదు.

తల్లి కడుపులో బిడ్డ చేతివేళ్లు మొదట ఒకదానికొకటి కలిసే ఉంటాయి. మధ్యలోని కణాలు తమంతట తాము చనిపోవడం వల్లే విడివిడి వేళ్లు ఏర్పడతాయి. ఇలాంటి చావులో ఒక ముఖ్యమైన రకానికి 1972లో కెర్, వైలీ, కర్రీ అనే శాస్త్రవేత్తలు 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. బాగుచేయలేనంతగా దెబ్బతిన్న కణం ఇలా తప్పుకోకపోతే క్యాన్సర్ రావచ్చు. గుండెపోటులో మాత్రం మనకు కావలసిన కణాలే చనిపోతాయి. అక్కడ చావును ఆపాలి.

మేలు చేయగల ఫంగస్

ఆపే పదార్థాల కోసం శాస్త్రవేత్తలు ఫంగస్‌లను వెతుకుతారు. ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచి, దాని సారాన్ని చావబోయే కణాలపై వేస్తారు. కణాలు బతికితే సారాన్ని భాగాలుగా విడదీస్తూ, పనిచేసిన పదార్థం ఏదో తేలుస్తారు.

అవయవ మార్పిడి రోగులకు వాడే సైక్లోస్పోరిన్ మట్టిలోని ఒక ఫంగస్ నుంచి వచ్చింది. మైటోకాండ్రియాలో ఒక ద్వారం తెరుచుకుంటే కణం చనిపోతుంది. ఈ మందు ఆ ద్వారాన్ని అడ్డుకుంటుందని తర్వాత తెలిసింది. 2008లో 58 మంది గుండెపోటు రోగులపై జరిగిన పరీక్షలో గుండెకు నష్టం తగ్గినట్టు కనిపించింది. కానీ 970 మందితో చేసిన పెద్ద పరీక్షలో ఆశించిన మేలు జరగలేదని 2015లో తేలింది. ల్యాబ్‌లో పనిచేసిందల్లా రోగికి పనిచేయదు. "కణాలను కాపాడుతుంది" అనే ప్రకటనలు చూసినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

కీడు చేసే ఫంగస్

రెండో ఉదాహరణ మన పటాన్‌చెరుకు దగ్గరది. 1972లో ఇక్కడ ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధించే పంటల్లో వేరుశనగ ఒకటి. పల్లీలపై పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఫంగస్ అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. దీన్ని తక్కువ ఖర్చుతో గుర్తించే పరీక్షలపై ఇక్రిశాట్ పనిచేసింది.

దెబ్బతిన్న కణాన్ని చావమని ఆదేశించే జన్యువుల్లో పి53 ముఖ్యమైనది. అఫ్లాటాక్సిన్ కాలేయ కణాల్లో ఆ జన్యువునే పాడుచేయగలదు. ఆదేశం అందని కణం బతికిపోయి, పెరుగుతూ పోతుంది. కాలేయ క్యాన్సర్‌కు ఇదొక దారి. అంటే ఇక్కడ చావు ఆగడమే ప్రమాదం.

ఇంట్లో ఇలా చేయండి

• బూజు పట్టిన, ముడుచుకున్న, రంగు మారిన పల్లీలను పారేయండి. వేయించినా అఫ్లాటాక్సిన్ పూర్తిగా పోదు.

• పల్లీలను బాగా ఎండబెట్టి, తేమ తగలని డబ్బాలో పెట్టండి. వానాకాలంలో తరచుగా చూడండి.

• బూజును వాసన చూడవద్దని పిల్లలకు చెప్పండి.

• పరీక్షల కోసం 'అపోప్టోసిస్' నిర్వచనం బట్టీపట్టిన పిల్లల్ని ఇలా అడగండి: "ఏ కణం? ఎప్పుడు? ఎవరికి మేలు?" ఈ మూడింటికీ సొంత మాటల్లో జవాబు చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే.