ఎవరిని ఆడించాలి? ఎంతసేపు ఆడించాలి?



హాస్టల్లో చదివిన రోజుల్లో నేను బాస్కెట్‌బాల్ ఆడిన సమయం కన్నా బెంచీ మీద కూర్చున్న సమయమే ఎక్కువ. "వాడు పది పాయింట్లు కొట్టాడు, నువ్వు రెండే కొట్టావు" అనేవారు. ఆ మాటకు జవాబు చెప్పడం నాకు అప్పుడు తెలియలేదు. అమెరికా కాలేజీ జట్లు ఆటగాడిని ఎలా అంచనా వేస్తాయో తరువాత చదివి తెలుసుకున్నాను. దానికి కావలసింది పదవ తరగతి లెక్కలే. మీకు ఉపయోగపడతాయని ఇక్కడ వ్రాస్తున్నాను.

1. కాలం లెక్క

అమెరికాలో పురుషుల కాలేజీ ఆట 40 నిమిషాలు. 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. కోర్టులో జట్టుకు ఐదుగురు ఉంటారు కనుక కోచ్ పంచగలిగేది 5 × 40 = 200 నిమిషాలు. ఒకరికి ఐదు నిమిషాలు పెంచాలంటే ఇంకొకరికి ఐదు తగ్గించాలి. కాబట్టి "ఇతడు మంచి ఆటగాడా?" అని అడిగితే చాలదు. "ఆ ఐదు నిమిషాలు ఇతడు ఆడితే జట్టుకు మేలా, అతడు ఆడితే మేలా?" అని అడగాలి.

2. పాయింట్ల లెక్క

ఒక ఆటగాడు 15 సార్లు బంతి వేసి 6 బుట్టలు చేశాడు. అన్నీ రెండు పాయింట్లవే. మొత్తం 12. ఇంకొకడు 8 సార్లు వేసి 4 చేశాడు. వాటిలో రెండు మూడు పాయింట్లవి. మొత్తం 10. ఎవరు మేలు?

మూడు పాయింట్ల బుట్ట రెండు పాయింట్ల బుట్టకు ఒకటిన్నర రెట్లు. కనుక చేసిన బుట్టలకు, మూడు పాయింట్ల బుట్టల్లో సగం కలిపి, వేసిన సార్లతో భాగించాలి. మొదటివాడికి 6 ÷ 15, అంటే 40 శాతం. రెండవవాడికి (4 + 1) ÷ 8, అంటే 62.5 శాతం. పాయింట్లు తక్కువైనా, జట్టుకు దొరికిన అవకాశాలను రెండవవాడే బాగా వాడుకున్నాడు.

3. కనిపించని పని

డీన్ ఆలివర్ అనే పరిశోధకుడు 2004లో వెలువడిన తన పుస్తకంలో గెలుపుకు నాలుగు అంశాలు ముఖ్యమన్నాడు. అవి గురి, బంతి పోగొట్టుకోకపోవడం, రీబౌండ్లు, ఫ్రీ త్రోలు. వీటిలో గురిని మాత్రమే చూసి మనం చప్పట్లు కొడతాం.

ఎదుటివారిని అడ్డుకోవడం స్కోరు పుస్తకంలో ఇంకా తక్కువగా కనిపిస్తుంది. దీనికి ఒక పద్ధతి ఉంది. ఒకడు కోర్టులో ఉన్నంతసేపు మన జట్టు 24 పాయింట్లు, ఎదుటి జట్టు 17 చేస్తే అతని ఖాతాలో ప్లస్ 7 వేస్తారు. అయితే ఒక్క ఆట చూసి తీర్పు చెప్పకూడదు. తోటి నలుగురు బాగా ఆడితే బలహీనుడికి కూడా ప్లస్ వస్తుంది. చాలా ఆటల లెక్క కలిపితేనే నిజం కొంత తెలుస్తుంది.

4. ఒక ఉదాహరణ

2014-15లో కెంటకీ విశ్వవిద్యాలయం జట్టు వరుసగా 38 ఆటలు గెలిచి, 39వ ఆటలో విస్కాన్సిన్ చేతిలో ఓడింది. ఆ జట్టులో డెవిన్ బుకర్ అనే కుర్రవాడు ఒక్క ఆటలో కూడా మొదటి ఐదుగురిలో లేడు. ప్రతిసారీ బెంచీ నుండే వచ్చాడు. సగటున 21.5 నిమిషాలు ఆడి 10 పాయింట్లు చేశాడు. 40 నిమిషాలకు లెక్క కడితే 18.6 అవుతుంది. మూడు పాయింట్ల గురి 41 శాతం. అతనిలో లోపం ఉండి కూర్చోబెట్టలేదు. ఆ జట్టు నిండా సమర్థులే ఉన్నారు, కోచ్ నిమిషాలను అందరికీ పంచాడు. 2015లో ఎన్‌బీఏ జట్లు మొట్టమొదట ఎంపిక చేసుకున్న కార్ల్ ఆంథోనీ టౌన్స్ కూడా ఆ జట్టువాడే. అతడు ఆడింది కూడా సగటున 21 నిమిషాలే. అదే ఏడాది బుకర్‌ను 13వ వాడిగా ఫీనిక్స్ జట్టు తీసుకుంది.

2017 మార్చి 24న బోస్టన్ జట్టుపై బుకర్ ఒక్కడే 70 పాయింట్లు చేశాడు. అయినా ఆ రోజు అతని జట్టు ఓడిపోయింది! బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన ఆటగాడు తక్కువ కాదు, ఎక్కువ పాయింట్లు చేసినంత మాత్రాన జట్టు గెలవదు. ఈ రెండు పాఠాలూ ఒక్కడి జీవితంలోనే ఉన్నాయి.

మిత్రులారా! వచ్చే ఆదివారం ఆటకు ఒక నోటుబుక్కు తీసుకువెళ్ళండి. ఎవరు ఎన్నిసార్లు వేశారు, ఎన్ని పడ్డాయి, ఎవరు బంతి పోగొట్టారు, ఎవరు రీబౌండ్ పట్టారు అని గీతలు గీయండి. ఆ పనిని బెంచీ మీద ఉన్న తమ్ముడికి అప్పగించండి. కెప్టెన్లు స్నేహం చూసి కాక ఆ గీతలు చూసి జట్టును ఎంపిక చేయాలి. కూర్చున్నవారు కూడా అలగకుండా, "నేను ఏది మెరుగుపరచుకోవాలి?" అని ఆ పుస్తకాన్నే అడగాలి. ఆనాడు మా దగ్గర అటువంటి పుస్తకం ఒకటి ఉండి ఉంటే నేను బెంచీ మీదే ఉండేవాడినేమో, కానీ ఎందుకు కూర్చున్నానో నాకు తెలిసి ఉండేది.