రైలు చెప్పే ఆబ్జెక్ట్ పాఠం



‘ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్’ అన్న మాట వినగానే చాలామంది బెదిరిపోతారు. ఏడాది నడుమ బడి మారి, మొదటి పాఠం తప్పిపోయినవారికి ఈ భయం మరీ ఎక్కువని ఊరూరా తిరిగిన మేము గమనించాం. మాట పెద్దదే గాని, ఖరగ్‌పూర్ స్టేషన్‌లో నిలబడితే అందులోని ఆలోచన మన కళ్లముందే ఉంటుంది.

మనం సొంతూరికి వెళ్లే కోరమాండల్, ఫలక్‌నుమా రెండూ రైళ్లే. నంబరు, పేరు, పెట్టెల సంఖ్య, వేగం వాటి వివరాలు. బయలుదేరడం, ఆగడం వాటి పనులు. రైలుకు ఏ వివరాలు, ఏ పనులు ఉండాలో చెప్పే నమూనాయే క్లాస్. ఆ నమూనా ప్రకారం తయారైన ఒక్కొక్క రైలూ ఒక ఆబ్జెక్ట్. నమూనా ఎక్కి ఎవరూ విజయవాడ చేరలేరు, రైలే ఎక్కాలి!

ఇందులో ముఖ్య సూత్రాలు నాలుగు.

1. ఎన్‌క్యాప్సులేషన్: వివరాలనూ పనులనూ ఒకచోట ఉంచి కాపాడడం. వేగాన్ని ఇంజన్‌లోని మీటలతోనే మార్చాలి. పెట్టెలో కూర్చున్నవారి చేతికి అది అందదు.

2. అబ్‌స్ట్రాక్షన్: అవసరమైనదే చూపడం. టికెట్టు కొనడానికి ఊరు, తేదీ చెబితే చాలు, ఇంజన్ లోపలి సంగతులు తెలియనక్కరలేదు.

3. ఇన్‌హెరిటెన్స్: అంటే వారసత్వం. ప్రయాణికుల రైలు, గూడ్సు రైలు రెండూ ‘రైలు’ లక్షణాలను పొందుతాయి. మొదటిది బెర్తులను, రెండోది సరుకు బరువును అదనంగా చేర్చుకుంటుంది.

4. పాలిమార్ఫిజం: ఒకే ఆజ్ఞ, పలు రూపాలు. ‘బయలుదేరు’ అంటే డీజిల్ ఇంజన్ ఒక విధంగా, కరెంటు ఇంజన్ మరో విధంగా కదులుతుంది.

ఇదంతా ఎందుకు? ఒకసారి రాసినదాన్ని మళ్లీ వాడుకోవడానికి, ఒకచోట చేసిన మార్పు మరోచోట చెడగొట్టకుండా ఉండడానికి. ఒక పెట్టె చెడితే దాన్ని విడదీసి వేరేది తగిలిస్తారు గాని, రైలంతా కొత్తగా కట్టరు గదా!

1960లలో నార్వేలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు సిములా భాషను రూపొందించారు. నిజజీవితంలోని వ్యవస్థల నడకను కంప్యూటరులో అనుకరించి చూడడం వారి ఉద్దేశం. క్లాస్, ఆబ్జెక్ట్ అన్న భావనలు 1967 నాటి సిములాలోనే ఉన్నాయి. నేటి జావా, పైథాన్ భాషలు ఆ బాటలోనే నడిచాయి.

ఇంకొక్క మాట. వివరాలు మారినంత మాత్రాన ఆబ్జెక్ట్ వేరొకటి అయిపోదు. ‘విద్యార్థి’ ఆబ్జెక్ట్‌లో ఊరు, బడి, తరగతి మారుతుంటాయి, విద్యార్థి మాత్రం అదే. బదిలీ అయినప్పుడు ఊరు అన్న గడిని మారిస్తే చాలు. మాతృభాష అన్న గడిని చెరపనక్కరలేదు.

అభ్యాసం: ‘గ్రంథాలయ పుస్తకం’ అనే క్లాస్‌కు నాలుగు వివరాలు, రెండు పనులు రాయండి. మీరు ఇంటికి తెచ్చుకున్న పుస్తకాన్ని దాని ఆబ్జెక్ట్‌గా తీసుకుని, ఆ వివరాలు నింపండి.