తొందర వద్దు – వరుస ముద్దు

పట్టిసీమ వీరేశ్వరస్వామి గుడి గోదావరి మధ్యలో కొండ మీద ఉంది. పడవ ఎక్కి వెళ్లాలి. శివరాత్రికి జనం బాగా వస్తారు. రేవులో పెద్ద వరుస ఉంటుంది. తీర్థాల్లో జెయింట్ వీల్ దగ్గరా అంతే. "ఇంకా ఎంతసేపు?" అని అందరూ అడుగుతారు. మనకు అంకెలు వచ్చు. ఆ లెక్క మనమే వేసుకోవచ్చు.

జెయింట్ వీల్ లెక్క చూద్దాం. చక్రానికి 12 పెట్టెలు ఉన్నాయనుకోండి. ఒక్కో పెట్టెలో నలుగురు. 12 × 4 = 48 మంది.

ఒక పెట్టె లోంచి దిగడానికి, మళ్లీ ఎక్కడానికి అర నిమిషం. 12 పెట్టెలకు 6 నిమిషాలు. తిరగడానికి 4 నిమిషాలు. మొత్తం ఒక ఆటకు 10 నిమిషాలు.

మీ ముందు 96 మంది ఉన్నారు. అంటే రెండు ఆటలు. మీరు 20 నిమిషాలు ఆగాలి.

చూశారా! తిరిగేది 4 నిమిషాలే. ఎక్కడానికి, దిగడానికే 6 నిమిషాలు.

ఈ చక్రం పెద్దదైనా అంతే. 1893లో అమెరికాలోని చికాగోలో ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల చక్రం కట్టాడు. దానికి 36 పెట్టెలు. ఒక్కో దాంట్లో 60 మంది. రెండు చుట్లకు 20 నిమిషాలు పట్టేది. మొదటి చుట్టులో ఆరుసార్లు ఆపి జనాన్ని దించి, ఎక్కించేవారు.

ఆ ఆలస్యం ఎందుకు? చక్రం ఒకవైపే బరువెక్కకూడదు. అందుకే ఒక పెట్టె నింపి, తర్వాత దానికి ఎదురు పెట్టె నింపుతారు. ప్రతి పెట్టెకూ అడ్డకమ్మీ పడిందో లేదో చూడాలి.

హైదరాబాదు దగ్గర వండర్‌లా పార్కు 2016లో మొదలైంది. అక్కడ రోలర్ కోస్టర్ ఉంది. అంటే పట్టాల మీద ఎక్కి దిగే ఆటబండి. ఇలాంటి బండి కదిలే ముందు, మనల్ని పట్టి ఉంచే కమ్మీలను ఒక్కొక్కటీ లాగి చూస్తారు. ఒకే పట్టాల మీద రెండు బళ్లు నడిపేచోట, ముందు బండి దారి వదిలేదాకా వెనక బండిని పంపరు. రైలుకు సిగ్నల్ ఉన్నట్టే.

పడవకూ ఇదే నీతి.

"అక్కా, కాస్త సర్దుకోండి. ఇంకో ఇద్దరం ఎక్కుతాం."

"వద్దు చెల్లీ. లెక్క నిండింది. వచ్చే పడవకి ఎక్కుదువుగాని."

ఈ అక్క మాట మంచి మాట. పడవ మీద ఎంతమందిని ఎక్కించాలో రాసి ఉంటే చదవండి. ఎక్కినవాళ్లను లెక్కపెట్టండి. లైఫ్ జాకెట్ చేత్తో పట్టుకోవడం కాదు, తొడుక్కోండి. తాళ్లు బిగించండి.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అప్పుడు గోదావరి వరద మీద ఉంది. పడవలో 70 మందికి పైగా ఉన్నారు. 26 మందే బతికి బయటపడ్డారు. నీరు ఉధృతంగా ఉన్న రోజు పడవ ఆపేశారంటే గొడవ పడకండి. డబ్బు కట్టినా సరే, వెనక్కి రండి. డబ్బు మళ్లీ వస్తుంది.

వరుసలో పోయేది అరగంట. తోసుకుని ఎక్కితే పోయేది ప్రాణం.

లెక్క చేయండి:
1. పడవలో 30 మంది పడతారు. మీ ముందు 90 మంది ఉన్నారు. మీరు ఎన్నో పడవ ఎక్కుతారు?
2. పడవ వెళ్లి రావడానికి 20 నిమిషాలు. రేవులో ఒకటే పడవ ఉంది. అది ఇప్పుడే ఎక్కించుకుంటోంది. మీరు ఎంతసేపు ఆగాలి?

మాట్లాడుకోండి: మీ ఊరి రేవులో వరుస ఎలా ఉంటే బాగుంటుంది?