బిల్డ్ ఫైళ్ల బూజు దులపడానికి చిట్కాలు

డిస్క్ నిండిందని లాప్‌టాప్ మొరాయించినప్పుడు అక్కరకొచ్చేవి ఇవి. నరసరావుపేటలో, మాచర్లలో ఇంటి నుంచే కోడ్ రాసేవాళ్లను తలచుకుని రాసినవి.

1. ప్రాజెక్టులోని ‘బిల్డ్’ ఫోల్డర్ మీ కంప్యూటర్ తయారుచేసుకున్నదే. తీసేస్తే పోయేది కాసేపు కరెంటూ, టైమూ. హోమ్ ఫోల్డర్‌లో ‘డాట్ గ్రేడిల్’ కింద ఉన్న కాష్ అలా కాదు, అందులో నెట్ నుంచి దించుకున్న లైబ్రరీలుంటాయి. గురజాలలో ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్లు దాన్ని ఊడ్చేశారంటే ఆ రోజు డేటాకి నీళ్లొదులుకున్నట్టే. పైగా, 30 రోజులుగా ముట్టని డౌన్‌లోడ్‌లను గ్రేడిల్ తనంతట తానే తీసేస్తుంది. ఆ కాష్ జోలికి పోకండి.

2. బిల్డ్ ఫైళ్లు తీసేసే కమాండ్లు: ఆండ్రాయిడ్‌కి గ్రేడిల్ క్లీన్, రస్ట్‌కి కార్గో క్లీన్. ఫ్లట్టర్ క్లీన్ కొడితే తర్వాత పబ్ గెట్ మరవద్దు.

3. గిట్ క్లీన్‌తో మాత్రం జాగ్రత్త. గిట్ ఇగ్నోర్‌లో రాసినదంతా చెత్త కాదు. పాస్‌వర్డ్‌లుండే డాట్ ఎన్వ్ ఫైలు, యాప్ సైన్ చేసే కీస్టోర్ కూడా చాలామంది అందులోనే పెడతారు. కమాండ్‌కి చిన్న ఎక్స్ పెట్టినా, పెద్ద ఎక్స్ పెట్టినా అవీ కొట్టుకుపోతాయి. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు. సైనింగ్ కీ గూగుల్‌కి అప్పగించని పాత యాప్ అయితే, కీస్టోర్ పోయాక ప్లే స్టోర్‌లో అప్‌డేట్ పెట్టే దారే లేదు. అందుకే ముందు ‘మైనస్ ఎన్’ తగిలించి, ఏమేం పోతాయో జాబితా చదవండి.

4. నోడ్ మాడ్యూల్స్ తీసేయండి, లాక్ ఫైలుని ఉంచండి. రెండూ కలిపి తీసేయమనే సలహా వినొద్దు, వెర్షన్లు మారిపోతాయి. తర్వాత ఎన్‌పీఎం సీఐ నడిపితే పాతవే వస్తాయి.

5. పైథాన్ వాళ్ల పైకాష్ ఫోల్డర్లు చిన్నవి. వాటి కోసం కష్టపడటం దండగ.

6. డాకర్‌లో వాల్యూమ్‌లు ముట్టుకోకండి, డేటాబేస్ అక్కడే ఉండొచ్చు. బిల్డర్ ప్రూన్ చాలు.

7. బిల్డ్ మధ్యలో కరెంటు పోయి సిస్టం ఆగిందా? కోడ్‌లో తప్పు వెతికే ముందు ఒకసారి క్లీన్ చేయండి, సగం రాసిన ఫైళ్లు మిగిలి ఉండొచ్చు. మళ్లీ మొదటి నుంచి బిల్డ్ మాత్రం తెల్లవారుజామున పెట్టుకోండి. రెంటచింతల ఎండల్లో, మే మధ్యాహ్నం, వేడెక్కిన ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది.

8. ప్రతి ఎర్రర్‌కీ క్లీన్ కొట్టాల్సి వస్తోందంటే తప్పు కాష్‌ది కాకపోవచ్చు. ఏ ఫైలు మారితే ఏది మళ్లీ కట్టాలో బిల్డ్ స్క్రిప్ట్‌లో సరిగా రాశారో లేదో చూడండి.