చివరి మడిని మరువకు బిడ్డా

కొమురవెల్లి,
జాతర ఆదివారం.



నీ ఉత్తరం కంటె ముందు ఊర్లె మాటే వచ్చింది. "మీ మనవరాలు పట్నంల పాకిస్తాన్ దిక్కు మాట్లాడుతదట గద" అని గుడి మెట్ల కాడ ఒకాయన నిలబెట్టి అడిగిండు. నేను ఇంటికొచ్చేసరికి ఆ మాట మీ అమ్మమ్మ చెవిల కూడ పడ్డది. మీ అమ్మ ఫోన్ చేసి, వేరే దేశం అడుగుమని నీకు చెప్పుమన్నది.

నేను చెప్ప. నీకు వచ్చిన దేశం నువ్వు మార్చుకోకు.

మోడల్ యునైటెడ్ నేషన్స్ అంటే ఏందో నువ్వు రాసిన ఉత్తరం అమ్మమ్మకు చదివి వినిపించిన. ఐక్యరాజ్యసమితిల 193 దేశాలున్నయి, పిల్లలు తలా ఒక దేశం ప్రతినిధిగా కూసుంటరు, ముందట ప్లకార్డు ఉంటది, చైర్ పిలిస్తేనే లేచి మాట్లాడాలె, ఆఖరుకు తీర్మానం రాసి ఓటేస్తరు అని వివరంగ చెప్పిన. ఆమె అంతా విని, "గంత సేపు ఏసీల కూసుంటే దానికి గొంతు పట్టుకుంటది" అన్నది. శాలువా సంచిల పెట్టుకో. రాత్రి పండేముందు ఉప్పునీళ్లు పుక్కిలించు.

మన మల్లన్న కథ చెప్పే ఒగ్గాయనను చిన్నప్పుడు నా పక్కన కూసొని చూసినవు. కండువా భుజాన వేస్తే మల్లన్న, నెత్తిన కప్పుకుంటే బలిజ మేడలమ్మ, నడుముకు చుట్టుకుంటే గొల్ల కేతమ్మ, ఇద్దరు మల్లన్న భార్యలే. మేడలమ్మ దుఃఖం పాడేటప్పుడు ఆయన కండ్లల్ల నిజంగనే నీళ్లు తిరిగేటివి. కేతమ్మ తట్టు వచ్చినంక ఆమె మాటను ఒక్క వీసం తగ్గించకపోయేది. నువ్వు కూడ అట్లనే మాట్లాడాలె. ఎదుటి దేశం వాదాన్ని వెక్కిరించినట్టు చెప్తే నీకే నష్టం. వాళ్ల రైతు వింటే, "అవును, నా బాధ ఇదే" అనాలె.

మీ కమిటీ చర్చ సింధు జలాల మీద అని రాసినవు. అయితే ముందు ఒప్పందం చదువు. 1960 సెప్టెంబర్ 19న కరాచీల నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు పెట్టిండ్రు, నడుమ ప్రపంచ బ్యాంకు ఉన్నది. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ వాళ్లకు. 1965ల, 1971ల యుద్ధాలైనా ఆ కాగితం నిలబడ్డది. 2025 ఏప్రిల్‌ల పహల్గాం దాడి తర్వాత మన ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. ఎందుకు పెట్టిందో తెల్వకుండ పాకిస్తాన్ కుర్చీల కూసోకు.

ఇంతవరకు అందరు చెప్తరు. నేను చెప్పేది దీని తర్వాతది.

నా వయసుకాలంల ఒక ఏడు వానలు సరిగ పడలేదు. చెరువు నీళ్ల కాడ కొట్లాట. ఊరి పెద్దమనిషి ఇంటి అరుగు మీద పంచాయతి పెట్టిండ్రు. నా దస్తూరి బాగుంటదని కాగితం రాసే పని నాకు చెప్పిండ్రు. తూము దగ్గరి పొలాలోళ్లు గట్టిగ మాట్లాడిండ్రు, నడిమి పొలాలోళ్లు ఇంకా గట్టిగ మాట్లాడిండ్రు. వంతులు కుదిరినయి, నేను రాసిన. సంతకాలు పెట్టే ముందు పెద్దమనిషి "చివరి మడి ఎవరిది?" అని అడిగిండు. అది ఒక ఒంటరి మనిషిది, ఆమెను ఎవ్వలు పిలువలే. నీరటాయనను పంపి పిలిపించిండు. ఆమె వచ్చి అరుగు కింద నిలబడ్డది. ఏం మాట్లాడలే. కొంగు ముడి విప్పి, తన పొలంల పండిన వడ్లు నా కాగితం మీద పోసింది. అన్ని తాలే. చేత్తోని తీస్తే గాలికి ఎగిరిపోయినయి. కాగితం మళ్ల రాసిన. మొదటి వంతు చివరి మడికి పెట్టిండ్రు.

సింధుకు కూడ చివరి మడి ఉన్నది బిడ్డా. నువ్వు మాట్లాడే దేశంల పంజాబోళ్లకు, సింధోళ్లకు నీళ్ల పంచాయతి ఎప్పటినుంచో ఉన్నది. 1991ల వాళ్లల్ల వాళ్లు ఒప్పందం రాసుకున్నా అది తెగలే. కోట్రి బ్యారేజీ దిగువన నది నీళ్లు తగ్గి, సముద్రం పొలాల మీదికొచ్చింది. ఠట్టా, బదీన్ దిక్కు రైతుల పేరు ఏ ప్రతినిధి నోట్లె రాదు. నీ నోట్లె రావాలె.

పెద్ద సభలల్ల ఇదే జరుగుతది. 1948 ఆగస్టు 21న మన నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. ఆరు రోజులకు, ఆగస్టు 27న, మన జిల్లాలనే ఉన్న బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం పోలీసులు పడ్డరు. ఊరోళ్లు బురుజెక్కి కాపాడుకోజూసిండ్రు. పట్టుబడ్డోళ్లను వరుసగ నిలబెట్టి కాల్చిండ్రు. మా నాయిన చెప్తుంటే విన్న. ఆ బురుజు ఇంకా ఉన్నది, వచ్చినప్పుడు తీస్కపోత. సెప్టెంబర్ 16న పారిస్‌ల మండలి కూసుంటే, హైదరాబాద్ తరఫున మొయిన్ నవాజ్ జంగ్, ఇండియా తరఫున రామస్వామి మొదలియార్ వాదించిండ్రు. హైదరాబాద్ దేశమా కాదా, అది ఫిర్యాదు చెయ్యవచ్చునా అన్నదే పెద్ద వాదన. మర్నాడే నిజాం లొంగిపోయిండు. బైరాన్‌పల్లి రైతు ఆ బల్ల కాడ లేడు. ఆ తర్వాత జిల్లాలల్ల ప్రాణాలు పోయిన అమాయక ముస్లింలు కూడ లేరు. వాళ్ల గురించి సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదిక ఏండ్లకేండ్లు బయటికి రాలే.

అందుకే చెప్తున్న. అన్‌మోడరేటెడ్ కాకస్‌ల అందరు గుంపులు కట్టి తీర్మానం రాస్తరని రాసినవు గద, అప్పుడే జాగ్రత్త. స్పాన్సర్ అంటే అది నీ మాట. సిగ్నేటరీ అంటే చర్చకు రావాలె అన్నంత వరకే. చదువకుండ రెండింట్ల దేనికీ పేరు ఇయ్యకు. బెస్ట్ డెలిగేట్ బహుమతి వస్తే సంతోషం, రాకుంటే నా బిడ్డ విలువ ఏం తగ్గది.

కోటు కొనుక్కోను పైసలు పంపిన. పాలిస్టర్ది కొనకు, చెమట పడ్తది. అమ్మమ్మ సకినాలు డబ్బా పంపుతున్నది, పక్క రూములోళ్లకు కూడ పెట్టు. ఆమెకు ఇంకా మనసు పూర్తిగ కుదుటపడలే. నువ్వే ఫోన్ చేసి మాట్లాడు, నీ గొంతు వింటె చాలు ఆమెకు.

నువ్వు రాసే తీర్మానంల దిగువ రైతు కోసం ఒక్క క్లాజన్న ఉండాలె. అది ఓటుల గెలిచినా ఓడినా సరే, ఒక కాపీ నాకు పంపు. ఎర్ర పెన్నుతోని దిద్ది తిరిగి పంపుత.

మల్లన్న నిన్ను సల్లంగ చూడాలె.

మీ తాత